నిండుకున్న గోడౌన్

“లేదనకూడదని నీకెన్ని తూర్లు చెప్పాల?” మూడోసారి అడిగింది వరదమ్మ.

“లేనిదాన్ని లేదనక ఏమంటారవ్వా?” రూపశ్రీ చక్కెర డబ్బాను బోర్లించి అవ్వ ముందర ఆడించింది. డబ్బా అంచుకు అంటుకున్న నాలుగు పలుకులు కూడా రాలలేదు. “చూడు. లేదు.”

“మళ్ళీ అదే మాట. నిండుకుందను. మీ తాత ముప్పై ఏండ్లు అంగడి నడిపినాడు. ఒక్కనాడన్నా ఆయన నోట్లో ఆ మాట నేను వినలే. కందిపప్పు అయిపోతే ‘నిండుకుందమ్మా, రేపు రా’ అని పంపించేవాడు.”

“అయిపోయినదాన్ని నిండిందంటే వచ్చినోళ్ళకి తెలిసేదెట్లా?”

“మనోళ్ళకి తెలుస్తాది.”

“మనోళ్ళు కాకుంటే?”

వరదమ్మ మిరియాలు దంచుతున్న రోటిలోకి శొంఠి ముక్క ఒకటి వేసి గట్టిగా పోటు వేసింది. పొయ్యి దగ్గర నిలబడ్డ కోడలు సుజన ఇద్దరినీ విననట్టే ఉండి, గోడ గడియారం చూసింది. పదిన్నర. పన్నెండు దాటితే కర్ఫ్యూ; చిత్తూరులో అంగళ్ళన్నీ మూతపడతాయి, పోలీసులు బండ్లు ఆపుతారు.

“రూపా, మాస్కు పెట్టుకోని పొయ్యి అరకిలో చక్కెర తెచ్చేయ్. రాంగానే చేతులు కడుక్కో.”

“అంగట్లో గూడా నిండుకోని ఉంటే?” అంటూ రూపశ్రీ చెప్పులు వేసుకుంది. ఆ అల్లరికి వరదమ్మ మూతి ముడుచుకుంది గానీ, పెదవి చివర నవ్వు దాగలేదు. మామ సుబ్రమణ్యం పోయిన తొమ్మిది నెలల్లో ఆమె నవ్వింది వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు.

అప్పుడే భర్త భానుచందర్ హాల్లోంచి సుజనను పిలిచాడు. టేబుల్ మీద నీలంరంగు ఫైలు తెరిచి ఉంది. ప్రతి పేజీ అడుగునా, సంతకం పెట్టాల్సిన చోట, పెన్సిల్‌తో చిన్న అడ్డగీతల గుర్తు. పదకొండేళ్ళుగా ఆ గుర్తులే సుజనకు తెలిసిన కంపెనీ. బంగారుపాళ్యంలో మామిడి గుజ్జు ఫ్యాక్టరీ పెట్టినప్పుడు ఇంకొక డైరెక్టరు కావాలని ఆమె పేరు రాయించారు. అప్పటినుంచి ఏడాదికి నాలుగైదుసార్లు ఫైలు వస్తుంది, పెన్సిల్ గుర్తు మీద ఆమె తెలుగులో తన పేరు రాస్తుంది. సీజను రెండు నెలలూ ఫ్యాక్టరీకి వెళ్ళి కాయ ఏరే ఆడవాళ్ళ హాజరు చూసుకుంటుంది. కాయ సంగతి అడిగితే చెప్పగలదు. కాగితం సంగతి ఎవరూ ఆమెను అడగలేదు.

“రేపు మధ్యానానికి చెన్నైకి పంపాల. రెండు సంతకాలు కావాల. నాది అయిపోయింది.”

“ఏం కాయితం?”

భర్త తలెత్తి చూశాడు. ఈ ప్రశ్న ఎప్పుడూ రాలేదు. ఇప్పుడు కూడా ఎందుకు అడిగిందో ఆమెకే తెలియలేదు. బహుశా అతని కళ్ళ కింద నలుపు చూసి అడిగి ఉంటుంది.

“ఆడిటర్ కాయితమే. వచ్చే పన్నెండు నెల్లు కంపెనీ నడస్తాదని మనం రాసియ్యాల. గోయింగ్ కన్సర్న్ అంటారు, నడిచే కంపెనీ అని. మామూలుగా అయితే ఊరికే రాసుకుంటారు. ఈ కరోనా వచ్చినాక ఊరికే ఒప్పుకోరు. ఏ నెలకు డబ్బు యాడినుంచి వస్తాది, అప్పులు ఎట్లా కడతారు, అన్నీ అడగతాండారు. వాళ్ళకి నమ్మకం కుదరకుంటే రిపోర్టులో అనుమానమని ఒక పేరా రాస్తారు. ఆ పేరా చూస్తే బ్యాంకోడు సీజను లోను ఇయ్యడు. అంతే ఇంగ.”

“నడస్తాదా?”

“సంతకం పెట్టి ఈడే ఉంచు. నేను స్నానం చేసొస్తా.” అతను తువ్వాలు భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

సుజన పేజీలు తిప్పింది. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదవగలదు, అర్థం నెమ్మదిగా వస్తుంది. చివర ఇంకొక కాగితం ఉంది. దాని మీద పెన్సిల్ గుర్తు లేదు. అప్పటికే సంతకం ఉంది: వంకర టింకరగా, ‘ము’ పెద్దదిగా, చివరి ‘మి’ కిందికి జారి. రోడ్డు పక్క గోడౌన్ చూసుకునే మునస్వామి సంతకం అది. పైన 912 అనే అంకె. అంకె పక్కన డ్రమ్ములు అన్న మాట ఆమెకు తెలిసింది.

టేబుల్ మీద భర్త ఫోన్ మోగింది. ఆగి, రెండోసారి మోగేసరికి ఎత్తింది.

“నమస్తే మేడమ్, నేను గ్రేసీ. చెన్నై ఆడిట్ ఆఫీస్ నుంచి. సార్ లేరా?” చిన్నపిల్ల గొంతు. ప్రతి తెలుగు మాటా ముందు చూసుకుని కాలు పెట్టినట్టు వస్తోంది.

“స్నానం చేస్తాండారు. తెలుగు బాగానే మాట్లాడతావే.”

“హాస్టల్‌లో నెల్లూరు అమ్మాయి ఉంది మేడమ్, తనే నేర్పింది. చదవడం రాదు.” నవ్వింది. “చిన్న విషయమే. లాక్‌డౌన్ వల్ల మేము రాలేదు కదా. ఫ్యాక్టరీ స్టాక్ వీడియోలో చూశాము. రోడ్డు గోడౌన్‌లో వీడియోకి సిగ్నల్ చాలలేదు, అందుకని స్టోర్ కీపర్‌ని ఫోన్‌లో అడిగాను. నిండుకున్నాయి అన్నారు. గోడౌన్ ఫుల్‌గా ఉంది అని నోట్ రాసి సార్‌కి పంపాను. సార్ కూడా ఏమీ మార్చలేదు. మా పెద్ద సార్‌కి ఇప్పుడు నిమ్మళం. ఆ స్టాక్ అమ్మితే కంపెనీకి ఒక ఏడాది దాటిపోతుంది కదా మేడమ్.”

సుజన మునస్వామి కాగితాన్ని దగ్గరికి లాక్కుంది. “ఏమన్నాడు మునస్వామి?”

“నిండుకున్నాయి, అని. రెండుసార్లు అడిగాను. రెండుసార్లూ అదే అన్నారు, పాపం, చాలా మర్యాదగా.”

వంటింట్లో వరదమ్మ రోటి చప్పుడు ఆగి, మళ్ళీ మొదలైంది.

మరునాడు పొద్దున ఆరున్నరకు సుజన తను కూడా ఫ్యాక్టరీకి వస్తానంది. సీజను ముందు బల్లలు కడిగించేది ఎప్పుడూ ఆమే కాబట్టి భానుచందర్ ఏమీ అనలేదు. కారులో ఇద్దరూ మాస్కులు తియ్యలేదు. బెంగుళూరు రోడ్డు మీద లారీలు తప్ప ఏమీ లేవు. ఒక అంబులెన్సు ఎదురుగా వచ్చి దాటిపోయేదాకా అతను కారు వేగం తగ్గించి, పక్కకు ఒదిగి నడిపాడు. “సంతకం?” అని అడిగాడు. “మధ్యానం దాకా టైముంది గదా,” అంది.

ఫ్యాక్టరీలో ఆరుగురు ఆడవాళ్ళు స్టీలు బల్లలకు సోడా నీళ్ళు పోసి తోముతున్నారు. నిరుడు ఇదే రోజుకు ముప్పైమంది ఉన్నారు. సుజన చీర కుచ్చిళ్ళు ఎగదోపి, బల్ల సందుల్లో ఎండిన గుజ్జును పుల్లతో గీకి చూపించింది. “ఈడ పులుపు నిలిస్తే మొత్తం బ్యాచు పోతాది. వేలు పెట్టి చూసుకోండమ్మా, కంటితో కాదు.” భర్త కరెంటాఫీసుకని బయటికి పోగానే, ఆమె వాచ్‌మన్ స్కూటరు తీసుకుని రోడ్డు పక్క గోడౌన్‌కి బయలుదేరింది.

మునస్వామి గోడౌన్ ఊడుస్తున్నాడు. అరవై దాటిన మనిషి. మాస్కు ముక్కు కిందికి జారి ఉంది. ఆమెను చూసి పైకి లాక్కుని, చీపురు గోడకు ఆనించాడు.

లోపల చల్లగా ఉంది. రేకుల కప్పు కింద అంత పెద్ద షెడ్డూ ఒక్కటే గది. సిమెంటు నేల మీద వరుసలు వరుసలుగా తుప్పు రంగు గుండ్రాలు, డ్రమ్ములు నిలబడ్డ చోట్ల. మూలలో మాత్రం మూతలు పైకి ఉబ్బిన డ్రమ్ములు పన్నెండున్నాయి. సుజన వాటి దగ్గరికి పోయి వేలి కణుపుతో ఒకదాని మీద కొట్టింది. బోలుగా మోగింది. లోపల గుజ్జు పులిసి గాలి కట్టింది. దాన్ని పశువులకు కూడా పెట్టరు.

“రోజూ ఊడుస్తాండావా?”

“ఏం సేసేదమ్మా. ఊరికే కూర్సుంటే కాళ్ళు పట్టేస్తాండాయి.”

“ఆ చెన్నై పాప ఫోన్ చేసినప్పుడు ఏమని చెప్పినావు?”

మునస్వామి ముఖం వెలిగింది. తన పని సరిగ్గా చేసిన మనిషి ముఖం. “పాప శానా బాగా మాట్లాడిందమ్మా. నన్ను సార్ అనింది. డ్రమ్ములు ఎట్లుండాయి అని అడిగింది. నిండుకున్నాయమ్మా అని సెప్పినా. మళ్ళీ అడిగింది. ఫిబ్రవరిలోనే నిండుకున్నాయి తల్లీ అని సెప్పినా. పెద్దయ్యగారి అంగట్లో పన్నెండేండ్లు పొట్లాలు కట్టినోణ్ణి, లేవు అనే మాట నా నోట్లో ఎట్లొస్తాది?” కొంచెం ఆగాడు. “నేను నిజమే గదమ్మా సెప్పినా?”

“నిజమే చెప్పినావు.”

“మరి భానుచందరన్న వచ్చి కాయితంలో సంతకం పెట్టమన్నాడు. ఇంగ్లీషులో ఉండాది. ఏందన్నా అంటే, నువ్వు ఫోన్లో సెప్పిందే రాసినామన్నాడు. పెట్టినా. అంతే గదా అది?”

సుజన ఉబ్బిన డ్రమ్ము మూత మీద చెయ్యి పెట్టి ఉంచింది. ఏ రోజైనా బ్యాంకువాళ్ళు వచ్చి ఈ తలుపు తీస్తే, తొమ్మిదివందల పన్నెండు డ్రమ్ములు యాడరా అని మొదట పట్టుకునేది ఎవరినో ఆమెకు కనిపించింది. తాళం చెవి ఈ మనిషి నడుముకే ఉంది.

“ఆ కాయితం సంగతి నేను చూసుకుంటా. నువ్వు ఇంటికి పో. రేపట్నించి ఊడ్చొద్దు.”

“అట్లంటే ఎట్లమ్మా,” అన్నాడు మునస్వామి. చీపురు మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు.

ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆదిలక్ష్మమ్మ కూర్చుని ఉంది. పక్కన తువ్వాలు మూటలో నాలుగు తోతాపురి కాయలు. బంగారుపాళ్యం అవతల ఆమెకు నాలుగెకరాల తోట. భర్త పోయాక మందు కొట్టించడం దగ్గరనుంచి ట్రాక్టరు ఎక్కించడం దాకా ఆమే చూసుకుంటుంది.

“రా సుజనమ్మా. కోసి సూడు, నీ సెయ్యి మంచిది.”

సుజన కత్తి తెప్పించి ఒక కాయను టెంక దాకా నిలువునా కోసింది. తొక్క పక్కన తెలుపు, టెంక చుట్టూ పసుపు పాకుతోంది. వాసన ఇంకా పచ్చిగానే ఉంది. “పది రోజులు ఆగాల.”

“నేనూ అదే అనుకున్నా. పక్క ఫ్యాక్టరీవోళ్ళు నిన్న వచ్చినారు. రేటు తక్కువే, కానీ బండి దించంగానే డబ్బు సేతికిస్తారంట. నేనింకా మాట ఇయ్యలే. మనం మనం ఒకటి గదా.” ఆదిలక్ష్మమ్మ మిగిలిన కాయలను మళ్ళీ మూట కట్టింది. నిరుటి కాయకు సగం డబ్బు ఆమెకు ఇంకా రావాలి. ఆ మాట ఆమె ఎత్తలేదు, సుజనే తల దించుకుంది. “ఊర్లో ఏందేందో అంటాండారు. నువ్వు సెప్పు. మీ ఫ్యాక్టరీ నడస్తాదా? నడస్తాదని నువ్వొక్క మాటను. వాళ్ళను ఇంటి మెట్టెక్కనీను.”

భానుచందర్ కాగితంలో రెండు పేజీలు పట్టిన సంగతి ఆదిలక్ష్మమ్మ నోట్లో ఒక్క మాటగా వచ్చింది. సుజన కోసిన కాయ రెండు చెక్కలనూ దగ్గరికి చేర్చి పట్టుకుంది, అతుక్కుంటాయేమో అన్నట్టు.

“రేపు ఫోన్ చేస్తా అక్కా.”

“చెయ్యి. రేపు మధ్యానం దాకా సూస్తా. కాయ ఆగదు గదా.”

తిరుగుదారిలో సగం దూరం వచ్చాక సుజన అడిగింది. “మునస్వామి చెప్పింది ఆ పిల్లకు అర్థం కాలేదని మీకు ఎప్పుడు తెలిసింది?”

భానుచందర్ కారును రోడ్డు పక్కకు తీసి ఒక చింతచెట్టు నీడలో ఆపాడు.

“నోట్ చదివినప్పుడే,” అన్నాడు. “వాడు చెప్పింది నిజం. ఆ పిల్ల తప్పు రాసుకుంది. మధ్యలో నేను అబద్ధమాడినానా? ఊరికే ఉన్నా.”

“ఊరికే ఉన్నోళ్ళు మునస్వామి చేత సంతకమెందుకు పెట్టించినారు?”

అతను మాస్కు కిందికి లాగాడు. గడ్డం మాసి, నెరిసిన వెంట్రుకలు బయటపడ్డాయి. “ఆ డ్రమ్ములు యాడికి పోయినాయి సుజనా? నేను తిన్నానా? దుబాయి కంటైనరు ఆగిపోయింది. ఉన్నదాంట్లో సగం ఉబ్బింది, మూలలో ఉన్నవి తప్ప పారబోయించినా. మిగిలింది క్రిష్ణగిరి సేటుకు బిల్లు లేకుండా పావలా రేటుకిచ్చినా. నాయన ఆస్పత్రికి తెచ్చిన అప్పు దాంట్లోనే తీర్చినా. లేబరుకి మార్చి దాకా జీతాలు దాంట్లోనే. పుస్తకాల్లో కొట్టేద్దామనుకునేలోగా ఆ పిల్ల నోట్ వచ్చింది. దేవుడే పంపించినాడనుకున్నా. ఏడుకొండలవాడు మనకొక తూరి దారి చూపించినాడనుకున్నా.”

“ఆదిలక్ష్మమ్మ వచ్చింది పొద్దున.”

“తెలుసు. ఫోన్ చేసింది.”

“మళ్ళీ ఆర్డర్లు రాకుంటే ఆమెకేం చెప్తారు?”

“వస్తాయి.”

“రాకుంటే?”

“ఒక్క సీజన్ ఈయ్ నాకు. ఒక్కటే.” అతను స్టీరింగు మీద నుదురు ఆనించాడు. వీపు కదులుతోంది. ఇరవై రెండేళ్ళ కాపురంలో, తండ్రి శవాన్ని ప్లాస్టిక్ సంచిలో దూరం నుంచి చూపించినప్పుడు కూడా అతను ఇట్లా వంగలేదు. “ఇల్లు గూడా బ్యాంకులోనే ఉండాది. నీకు తెలుసు గదా. ఆ పేరా రాస్తే నెలకో రెండు నెల్లకో నోటీసొస్తాది. అమ్మను ఏ మొగం పెట్టుకోని బాడుగింటికి తీసకపోవాల? నువ్వు చెప్పు. నువ్వు చెప్పినట్టే చేస్తా.”

సుజన అతని వీపు మీద చెయ్యి వేసింది. చొక్కా చెమటకు తడిసి ఉంది. పన్నెండు కావస్తోంది. పోలీసు జీపు వెనకనుంచి హారన్ కొడితే అతను మాస్కు పైకి లాక్కుని కారు తీశాడు.

ఇంటికొచ్చి అతను గదిలో పడుకున్నాడు. సుజన బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టి, హాల్లోకి వచ్చి ఫైలు ముందు కూర్చుంది.

పెన్సిల్ గుర్తు చాలా చిన్నది. భర్త గీసే గీతలెప్పుడూ అంతే, తేలికగా, తుడిస్తే పోయేట్టు. ఆమె పెన్ను మూత తీసి పెట్టుకుంది. మళ్ళీ మూత పెట్టింది. వంటింట్లో అత్త మిరియాల కషాయం వడకడుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఈ ఇంటి వెనక వసారాలో తులసి కోట దగ్గర, ఎండ పడే చోట, అత్త రోజూ ఒక పీట వేసుకుని కూర్చుంటుంది. మామ కూర్చునే చోటది. బాడుగింట్లో అట్లాంటి చోటు ఉంటుందో ఉండదో. ఆన్‌లైన్‌లో నడుస్తున్న రూపశ్రీ కాలేజీ చివరి ఏడాది ఫీజు ఇంకా కట్టలేదు. ఇవన్నీ ఒకటొకటిగా వచ్చి ఎదురుగా కూర్చున్నాయి. ఏదీ లేచి పోలేదు.

అన్నం పొంగిన చప్పుడైంది. ఆమె లేచిపోయి మంట తగ్గించి, మూత ఓరగా పెట్టి, తిరిగొచ్చింది. ఈసారి పెన్ను మూత తీసి పక్కన పెట్టలేదు, దూరంగా పెట్టింది. పెన్సిల్ గుర్తుకు పైన ఖాళీ ఉంది. అక్కడ తెలుగులో మూడు వరుసలు రాసింది, పుట్టింటికి ఉత్తరం రాసేటప్పటి గుండ్రటి అక్షరాలతో. రాసి కింద సంతకం పెట్టింది. పెన్సిల్ గుర్తును రబ్బరుతో తుడిచి, పొడి ఊదేసింది. మునస్వామి కాగితాన్ని ఫైల్లోంచి విడదీసి నాలుగుగా చించింది.

“రూపా, ఈ పేజీలు ఫోన్లో ఫోటో తీసి చెన్నై పిల్లకు మెయిల్ పంపాల. నేను రాసింది కింద ఇంగ్లీషులో గూడా రాసిపెట్టు. ఆ పిల్లకు తెలుగు చదవను రాదు.”

రూపశ్రీ చదివింది. చదువుతూ నిలబడ్డది కుర్చీలో కూర్చుంది. “నాయనకు తెలుసా?”

“అన్నాల కాడ చెప్తా. నువ్వు పంపు.”

మెయిల్ పోయిన చిన్న చప్పుడు విన్నాక సుజన పెరట్లోకి పోయి ఆదిలక్ష్మమ్మకు ఫోన్ చేసింది. రెండు నిమిషాలు కూడా మాట్లాడలేదు. అవతల ఆదిలక్ష్మమ్మ “నువ్వు తిన్నావా?” అని మాత్రం అడిగింది.

ఒంటిగంటన్నరకు నలుగురూ నేల మీద కూర్చున్నారు. మామ పోయినప్పటినుంచి వరదమ్మ కొడుకు పక్కనే కూర్చుని తింటోంది. అన్నం, పచ్చిమామిడికాయ పప్పు, పొద్దున ఆదిలక్ష్మమ్మ ఇచ్చిన కాయలోదే. భానుచందర్ కలుపుతున్నాడు గానీ నోట్లో పెట్టుకోవడం లేదు.

“పెట్టినావా?” అన్నాడు, కంచంలోకి చూస్తూ.

“పెట్టినా. రూప మెయిల్ గూడా పంపేసింది.”

అతని భుజాలు దిగాయి. కళ్ళు మూసుకుని తెరిచాడు. ఎన్నాళ్ళ తర్వాతో పెద్ద ముద్ద ఒకటి చేసి నోట్లో పెట్టుకున్నాడు. “ఇంకొంచెం పప్పు వెయ్యి,” అన్నాడు. సుజన గరిటెతో పప్పు వేసింది. నెయ్యి కూడా వేసింది. అతను రెండు ముద్దలు తినేదాకా ఆగింది.

“సంతకానికి పైన ఒక మాట రాసినా.”

భానుచందర్ చెయ్యి కంచంలో ఆగిపోయింది. రూపశ్రీ తల దించుకుంది.

“మునస్వామి సంతకం చేసిన కాయితం పంపలే. చించేసినా. ఈ తూరి కాయ పక్క ఫ్యాక్టరీలో దించుకోమని, వాళ్ళకే మాట ఇచ్చుకోమని ఆదిలక్ష్మమ్మక్కకు చెప్పేసినా. బ్యాంకుకు సోమవారం మీరూ నేనూ ఇద్దరం పోదాం. వాళ్ళు వచ్చేలోగా మనమే పోదాం.” సుజన గరిటెను పప్పు గిన్నెలో వదిలేసింది. “ఇల్లు నిలిచేది అనుమానమే. తెలిసే రాసినా.”

భానుచందర్ లేవలేదు, అరవలేదు. కంచంలోని అన్నాన్ని మెల్లగా ఒక పక్కకు చేరుస్తూ ఉండిపోయాడు.

వరదమ్మ కొడుకు ముఖం చూసింది, కోడలి ముఖం చూసింది. ఏ ఇంటి మాట జరుగుతోందో ఆమెకు తెలిసింది.

“ఏమని రాసినావు?” అని అడిగింది.

“రోడ్డు పక్క గోడౌన్లో సరుకు లేదని రాసినా అత్తా. కంపెనీ నడిపే శక్తి మాకు లేదని రాసినా.” సుజన ఆమె కళ్ళలోకి చూసింది. “నిండుకుందని రాస్తే వాళ్ళకు అర్థం కాదు. అందుకే, లేదనే రాసినా.”